నెలకో గుప్పెడు భయం

1954లో చందమామ పత్రికలో 'తోకచుక్క' అనే సీరియల్ మొదలైంది. కుండలినీ ద్వీపం అనే దేశం, దాని సేనాపతి సమరసేనుడు, అతని దారికి అడ్డం వచ్చే ఏకాక్షి అనే మాంత్రికుడు, ఏకాక్షికి బద్ధశత్రువైన చతుర్నేత్రుడు. ఏకాక్షి పిలిస్తే కాలభుజంగం, కంకాళం వచ్చి వాలేవి. చతుర్నేత్రుడి కొలువులో నరవానరం, ఉలూకం ఉండేవి. ఇద్దరు మాంత్రికుల పోరు మధ్య చిక్కుకున్న మామూలు మనిషి కథ అది. రాసినవాడికి అప్పటికి ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు. పేరు దాసరి సుబ్రహ్మణ్యం. ఆ పేరు సీరియల్ మీద అచ్చు కాలేదు.

అక్కడ మొదలై ఇరవై నాలుగేళ్ళలో ఆయన చందమామకు పన్నెండు సీరియళ్ళు రాశారు. తోకచుక్క తరువాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, చివరికి 1978లో మొదలైన భల్లూక మాంత్రికుడు. ఈ పేర్లు వింటేనే ఒళ్ళు జలదరించే తరాలు రెండు మూడు ఇప్పటికీ ఉన్నాయి. కొత్త సంచిక ఇంటికి రాగానే ముందు ఎవరు చదవాలని అన్నాచెల్లెళ్ళు కొట్టుకున్నదీ ఈ కథల కోసమే, రాత్రి పెరట్లోకి ఒంటరిగా వెళ్ళడానికి జంకిందీ ఈ కథల వల్లే.

పిల్లల్ని భయపెట్టి ఆనందపెట్టడం తెలుగువాళ్ళు ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్న విద్య కాదు. దాని మూలాలు చాలా పాతవి. ఇంకా గట్టిగా చెప్పాలంటే, భారతదేశమంతా మంత్రతంత్రాల కథ చెప్పుకోవాలనుకున్నప్పుడు చూపు తిప్పింది మన శ్రీశైలం వైపే.

ఏడో శతాబ్దంలో బాణభట్టు రాసిన హర్షచరిత్రలో ఒక ఘట్టం ఉంది. హర్షవర్ధనుడి వంశానికి మూలపురుషుడు పుష్యభూతి. దక్షిణదేశం నుంచి వచ్చిన భైరవాచార్యుడనే మహాశైవుడు ఆయన్ని ఒక సాధనకు సాయం రమ్మంటాడు. కృష్ణచతుర్దశి రాత్రి, శ్మశానం. భైరవాచార్యుడు శవం రొమ్ము మీద కూర్చుని దాని నోట్లో అగ్ని రగిలించి నల్ల నువ్వులు హోమం చేస్తుంటాడు. నాలుగు దిక్కులా కాపలా రాజుది, ముగ్గురు శిష్యులది. ఆ శిష్యుల్లో ఒకడి పేరు పాతాళస్వామి. నడిరాత్రి నేల బద్దలై శ్రీకంఠుడనే నాగుడు పైకి వస్తాడు. రాజు కత్తి పక్కన పెట్టి వాడితో ఉత్త చేతులతో కలబడతాడు. ఇది పదమూడు వందల ఏళ్ళ కిందటి వచనం. ఏ సీరియల్‌లో ఏ భాగంగా వేసినా ఇప్పటి పిల్లలు ఊపిరి బిగబట్టి చదువుతారు.

అదే బాణుడు కాదంబరిలో చండికాలయం దగ్గర కాపురమున్న ఒక ముసలి ద్రావిడ సాధువును చూపిస్తాడు. శ్రీపర్వతం గురించిన వింతలు ఆయనకు వేలకొద్దీ తెలుసట. శ్రీపర్వతం అంటే శ్రీశైలం. ఉత్తరాదిన కూర్చున్న ఒక కవికి, శ్రీశైలం పేరు చెబితే చాలు, పాఠకుడి మనసులో సిద్ధులు, రసవాదులు, మంత్రసాధకులు కదలాడతారని తెలుసు. ఎనిమిదో శతాబ్దంలో భవభూతి ఇంకో అడుగు వేశాడు. ఆయన మాలతీమాధవంలో అఘోరఘంటుడనే కాపాలికుడు మాలతిని చాముండకు బలి ఇవ్వబోతాడు. మాధవుడు వాడిని చంపి ఆమెను కాపాడతాడు. అఘోరఘంటుడి శిష్యురాలు కపాలకుండల పగబట్టి, మాలతిని ఎత్తుకుపోయేది శ్రీపర్వతానికే. చివరికి రక్షించే సౌదామిని కూడా ఆ కొండ మీదే సిద్ధులు సంపాదించింది. శ్మశానం, బలిపీఠం, సమయానికి వచ్చే వీరుడు, పగతో రగిలే శిష్యురాలు, దూరాన మాయల కొండ: మన జానపద సీరియల్‌కు కావలసిన సామగ్రి అంతా అప్పటికే సిద్ధంగా ఉంది.

భేతాళుడి వంశవృక్షం కూడా మన దగ్గరికే వస్తుంది. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలో విక్రముడు, భేతాళుడు ఉన్నారు. ఆ సంపుటికి ఆధారం గుణాఢ్యుడి బృహత్కథ. గుణాఢ్యుడు శాతవాహన రాజు కొలువులో ఉండేవాడని, ఏడు లక్షల శ్లోకాల కథను పిశాచాల భాషలో తన నెత్తురుతో రాశాడని, రాజు దాన్ని తోసిపుచ్చితే ఒక్కొక్క పుటే అడవిలో మృగాలకు చదివి వినిపించి నిప్పులో వేశాడని సోమదేవుడే చెబుతాడు. అడవి జంతువులు మేత మాని కన్నీళ్ళతో విన్నాయట. దయ్యాల భాషలో పుట్టి, మంటల్లో ఆరు లక్షల శ్లోకాలు పోగొట్టుకుని, మిగిలిన లక్షతో బతికిన కథ. కథల పుట్టుక గురించి ఇంత గొప్ప కథ ఇంకెక్కడా లేదు.

తెలుగులోకి వస్తే, పదిహేనో శతాబ్దంలో గౌరన ద్విపదలో నవనాథ చరిత్ర రాశాడు. నాథసిద్ధుల మహిమల కావ్యం అది, శ్రీశైలం మఠంతో ముడిపడింది. ఆ శతాబ్దంలోనే కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక రాశాడు. అయితే పల్లెల్లో రాత్రిళ్ళు జనాన్ని కూర్చోబెట్టినవి పుస్తకాలు కావు. బుర్రకథలు, జంగం కథలు. వాటిలో బాలనాగమ్మ కథది పెద్దపీట. మాయల మరాఠీ బాలనాగమ్మను కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. ఆమె కొడుకు బాలవర్ధి పెరిగి పెద్దవాడై, మరాఠీ ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉందని తెలుసుకుని వెళ్ళి తల్లిని విడిపిస్తాడు. 1942లో జెమిని సంస్థ ఈ కథను సినిమాగా తీసింది. కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ. సినిమా చూసిన పిల్లలు చీకట్లో ఆయన కళ్ళు తలచుకుని ముసుగు తన్నేవారని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు.

ఇంకో పెద్ద గని కాశీమజిలీ కథలు. రాజమహేంద్రవరంవాసి మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రాసిన ఈ కథల అల్లిక తేలికైనది. మణిసిద్ధుడనే యతి కాశీకి నడిచి వెళుతూ, తోడు వచ్చిన గొల్లపిల్లవాడికి మజిలీకో కథ చెబుతాడు. దారిలో వాడికి కనిపించిన వింతే ఆనాటి కథకు బీజం. 1951 మార్చిలో వచ్చిన పాతాళభైరవి సినిమాకు ఆధారం ఈ కథలే. తోటరాముడిగా ఎన్.టి.రామారావు, నేపాళ మాంత్రికుడిగా ఎస్.వి.రంగారావు, రచన పింగళి నాగేంద్రరావు, దర్శకత్వం కె.వి.రెడ్డి. గుహ, భైరవి విగ్రహం, బలి కోసం తెచ్చిన వీరుడు. మళ్ళీ అవే. భవభూతికీ పింగళికీ మధ్య పన్నెండు వందల ఏళ్ళు గడిచినా బలిపీఠం చెక్కుచెదరలేదు.

పాతాళభైరవి తీసిన విజయా సంస్థ అధిపతులు బి.నాగిరెడ్డి, చక్రపాణి. చందమామ పెట్టినవాళ్ళూ వాళ్ళే. 1947 జూలైలో తెలుగులో చందమామ, తమిళంలో అంబులిమామ ఒకేసారి వచ్చాయి. మద్రాసు వడపళనిలో ఆఫీసు. నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు, చక్రపాణిది తెనాలి. 1952లో తెనాలివారే అయిన కొడవటిగంటి కుటుంబరావు పత్రిక పనిలో చేరి, 1980 ఆగస్టులో చనిపోయేదాకా దాన్ని నడిపారు. ఆయన పేరు సంపాదకుడిగా అచ్చయ్యేది కాదు. చక్రపాణి పేరు ఉండేది. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన దాసరి సుబ్రహ్మణ్యం చేరిందీ 1952లోనే, ఇరవయ్యేళ్ళ వయసులో. అర్ధ శతాబ్దం పైగా ఆ పత్రికలోనే గడిపారు.

ఇది ఉద్యోగం. ఈ సంగతి మరిచిపోకూడదు. మాంత్రికులను సృష్టించడం, వాళ్ళని మొసళ్ళ మీద ఎక్కించడం, నెలాఖరుకు వీరుణ్ణి లోయ అంచున వేలాడదీయడం, ఇదంతా నెల జీతానికి, బల్ల ముందు కూర్చుని, ప్రూఫులు దిద్దుకుంటూ, మిగతా కథలు తిరగరాస్తూ చేసిన పని. ప్రెస్సుకు మేటర్ అందే వేళ దాటకూడదు. చిత్రకారుడికి ముందే ఇవ్వాలి. తెలుగులో రాసినది మిగతా భాషల్లోకి మారాలి. బొమ్మలు అన్ని భాషలకూ అవే. హిందీ, కన్నడం, మరాఠీ, గుజరాతీ, ఒడియా పిల్లలు కూడా ఏకాక్షికి, రాకాసిలోయలోని బ్రహ్మదండి మాంత్రికుడికి భయపడ్డారు. ఆ భయం మద్రాసులో ఒక తెలుగు ఉద్యోగి బల్ల మీద పుట్టిందని వాళ్ళకు తెలిసే మార్గమే లేదు. తెలుగులో చదివిన పిల్లలకే తెలియదు.

దాసరి పనితనం గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఆయన పట్ల జరిగిన అన్యాయం పేరు అచ్చు వేయకపోవడం ఒక్కటే కాదు. ఈ రచనను విమర్శకులు పనితనంగా చూడకపోవడం అంతకంటె పెద్దది.

మొదటి సంగతి, ఆయన వీరుడు చాలా కథల్లో మంత్రాలు రానివాడు. సమరసేనుడు సేనాపతి, అంతే. రాకాసిలోయలో కేశవ, జయమల్లు మామూలు యువకులు. శిథిలాలయంలో శిఖిముఖి శబరుల బిడ్డ, విక్రమకేసరి క్షత్రియ యువకుడు. వాళ్ళ దగ్గర ఉన్నవి బాణం, కత్తి, కాస్త బుద్ధి, ఒకరి మీద ఒకరికి నమ్మకం. మాంత్రికుడి దగ్గర అన్నీ ఉన్నాయి, కాని అతనికి దురాశ ఉంది, అతని మీద కన్నేసిన ఇంకో మాంత్రికుడు ఉన్నాడు. చదివే పిల్లవాడు తనను వీరుడి చోట ఊహించుకోవడానికి ఏ అడ్డమూ లేదు. మంత్రదండం తన దగ్గర లేదన్న దిగులు అక్కర్లేదు.

రెండోది జంటలు. ఖడ్గవర్మ, జీవదత్తుడు రాతిరథంలో కలిసి నడిచి యక్షపర్వతంలోనూ సాగుతారు. మాయాసరోవరంలో జయశీలుడికి సిద్ధసాధకుడు తోడు. పాతాళదుర్గంలో ధూమకుడు, సోమకుడు. ఇద్దరు ఉండటం వల్ల మాటలు నడుస్తాయి. చీకటి గుహలో ఒక్కడే ఉంటే రచయిత వర్ణించాలి, ఇద్దరుంటే వాళ్ళే మాట్లాడుకుంటారు. ఒకడు జంకితే ఇంకొకడు వేళాకోళం ఆడతాడు. భయం పక్కనే నవ్వు ఉంటుంది. దాసరి రాక్షసుల్లో చాలామంది తిండిపోతులు, తొందరపాటు మనుషులు, పొగిడితే కరిగిపోయేవాళ్ళు. పిల్లలు వాళ్ళని చూసి మొదట భయపడి, నాలుగు పేజీల తరువాత జాలిపడతారు. ఈ తూకం తప్పితే కథ బీభత్సం అయినా అవుతుంది, వెకిలి అయినా అవుతుంది. దాసరి తూకం దాదాపు ఎప్పుడూ తప్పలేదు.

మూడోది ఆపే చోటు. ప్రతి భాగం మొదట్లో వెనకటి కథ నాలుగైదు వాక్యాల్లో ఉండేది. చివర్లో 'ఇంకా ఉంది'. ఆ మధ్య ఎనిమిది పేజీల లోపు వచనంలో రెండు మూడు మలుపులు తిప్పి, ఆఖరి వాక్యం దగ్గర ఏ పులో గర్జించాలి, ఏ తలుపో మూసుకోవాలి. తరువాతి భాగం సరిగ్గా అక్కడే అందుకోవాలి. రాకాసిలోయ 1961లో మొదలై మూడేళ్ళు సాగింది. ముప్పై పైచిలుకు సార్లు పాఠకుణ్ణి అంచున నిలబెట్టి, ముప్పై పైచిలుకు సార్లు మోసం చేయకుండా దింపడం ఎంత కష్టమో సీరియల్ రాసినవాళ్ళకు తెలుస్తుంది.

భాష సంగతి కూడా ఉంది. కుటుంబరావు చేతి చలవ వల్ల చందమామ అంతా ఒకే రకమైన తేట తెలుగులో నడిచింది. చిన్న వాక్యం. అవసరం లేని విశేషణం ఉండదు. 'భయంకరమైన' అని పదిసార్లు అనడం కంటె, ఎలుగు గొడ్డు వెనక్కి రెండడుగులు వేసి ముట్టె పైకెత్తింది అని చెప్పడం ఎక్కువ భయపెడుతుంది. పేర్లు మాత్రం సంస్కృతం నుంచి దిట్టంగా తెచ్చినవి: ఉగ్రాక్షుడు, చతుర్నేత్రుడు, భల్లూకపాదుడు. తేట తెలుగు నేల మీద ఈ పేర్లు ఏనుగుల్లా నడిచేవి.

మూలాలు? ముగ్గురు మాంత్రికులు చదివినవారికి అరేబియా రాత్రుల్లోని జూదర్ కథ గుర్తు రాక మానదు. దాసరి లోకంలోని సాహస కథలన్నీ చదివి, జీర్ణం చేసుకుని, మన అడవుల్లో, మన కోటల్లో నాటారు. ఆ కోటలు ఎక్కడివో పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గుంటూరు పిల్లలకు కొండవీడు ఉంది, కడప పిల్లలకు గండికోట, నల్లగొండ పిల్లలకు రాచకొండ, భువనగిరి. పడిపోయిన బురుజు, చింతచెట్టు మొలిచిన గోపురం, లోపల గుప్తనిధి ఉందని ఊళ్ళో చెప్పుకునే మాట. శిథిలాలయం అనే పేరు చూడగానే ప్రతి పిల్లవాడికీ తన ఊరి పక్క గుడే కళ్ళముందు కదిలింది. ఈ సీరియళ్ళలో తేదీలు లేవు, నిజ రాజుల పేర్లు లేవు. అయినా సామంతులు, దళపతులు, సుంకాలు, ఓడ బేరాలు, అడవి గూడేల నాయకులు ఉన్న ఒక పాత లోకం లోపల పిల్లలు తిరిగి వచ్చారు. ఆ తరువాత బడిలో కాకతీయుల గురించి, రెడ్డిరాజుల గురించి చదివినప్పుడు ఆ లోకం వాళ్ళకు కొత్త కాదు.

ఆ లోకాన్ని కంటికి చూపించినవారు చిత్ర. అసలు పేరు టి.వి.రాఘవన్. బొమ్మలు గీయడం బడిలో నేర్చుకోలేదు, ఫొటోగ్రఫీ అంటే ప్రాణం. పత్రిక పుట్టినప్పటి నుంచి 1978లో చనిపోయేదాకా చందమామకు బొమ్మలు వేశారు. శంకర్ గీసిన భేతాళుణ్ణి, వపా ముఖచిత్రాలను అందరూ మెచ్చుకుంటారు, ఆ మెప్పు న్యాయమే. అయితే భయానికి రూపం ఇచ్చింది చిత్ర. ఆయన మాంత్రికులకు ఎముకలు కనిపిస్తాయి. ఆయన మొసలి నీళ్ళు కారుస్తూ గట్టెక్కుతుంది. కిరీటాలు, శిరస్త్రాణాలు, చెప్పులు, ఒరలు ఏ ఒక్క దేశానివీ కావు, కాని ఒక్కో కథలో ఒక్కో రాజ్యానికి తనదైన వేషం ఉంటుంది, అది కథ చివరిదాకా మారదు. మనుషులు నిలబడే తీరు కూడా చూడండి: ప్రమాదం ఎటునుంచి వస్తుందో ఆ వైపుకు ఒళ్ళంతా వంగి ఉంటుంది. దాసరి మాటల్లో తగ్గించి చెప్పినది చిత్ర గీతల్లో పెంచి చూపేవారు. ఈ ఇద్దరినీ విడదీసి మాట్లాడటం కుదరదు.

1964 ప్రాంతంలో ఒక మార్పు జరిగింది. చక్రపాణి సాహిత్య అభిరుచి వేరు. క్షయతో మదనపల్లె శానిటోరియంలో ఉన్న రోజుల్లో బెంగాలీ నేర్చుకుని శరత్ నవలలు తెలుగు చేసిన మనిషి ఆయన. పిల్లలకు ఎప్పుడూ మాంత్రికులేనా అన్న ఆలోచనతో, రాకాసిలోయ అయిపోయాక బంకించంద్రుడి దుర్గేశనందిని, దానికి కొనసాగింపుగా దామోదర్ ముఖర్జీ రాసిన నవాబు నందిని సీరియళ్ళుగా వేశారు. దుర్గేశనందిని గొప్ప నవలే. మొగలులకూ పఠాన్లకూ బెంగాల్లో జరిగిన పోరు, కోటలు, బందీఖానాలు, ఆయేషా ప్రేమ అన్నీ ఉన్న చారిత్రక నవల. పిల్లలు మాత్రం తమ మాంత్రికుల కోసం ఎదురు చూశారు. పాఠకుల ఆసక్తి తగ్గిందని గమనించి మళ్ళీ దాసరినే రాయమన్నారని చందమామతో దగ్గరి సంబంధం ఉన్నవాళ్ళు చెబుతూ వచ్చారు. 1966లో పాతాళదుర్గం మొదలైంది. అప్పటి నుంచి ఆయన కలం ఇంకో పన్నెండేళ్ళు ఆగలేదు. ఆ తీర్పు పిల్లలది, సరైన తీర్పు. దుర్గేశనందినిలో ప్రమాదం పెద్దవాళ్ళ ప్రమాదం. పరువు, ప్రేమ, వంశం. పదేళ్ళ పిల్లకు కావలసిన ప్రమాదం చీకటి, ఆకలి, దారి తప్పడం, తనకంటె పెద్దది ఏదో వెంటాడటం.

మూఢనమ్మకాలు పెంచుతాయని ఈ కథలను తప్పుపట్టినవాళ్ళు ఉన్నారు. ఆ మాట ఆలోచించదగినదే. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు జనం అరిష్టమని బెదిరిపోతుంటే, గురజాడ 'ముత్యాల సరాలు'లో ఆ భయాన్ని పోగొట్టి దాన్ని ఆత్మీయంగా చూపించారు. నలభై ఏళ్ళు దాటాక పిల్లల పత్రిక మళ్ళీ తోకచుక్క పేరుతో మాంత్రికులను దింపితే అభ్యంతరం రావడం సహజం. కాని పత్రికను నడిపిన కుటుంబరావు ఎవరు? సైన్సు మీద, మనస్తత్వం మీద వ్యాసాలు రాసినవాడు, 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘంలో సభ్యుడు, దయ్యాలను నమ్మని మనిషి. ఆయన ఈ కథలను నెలనెలా దిద్దారు. కారణం కథల్లోనే కనిపిస్తుంది. ఇక్కడ మాంత్రికుణ్ణి ఎవరూ పూజించరు. అతని బలం అంతా ఒక వస్తువులోనో, ఒక రహస్యంలోనో ఉంటుంది. దాన్ని కనిపెట్టిన మామూలు మనిషి అతన్ని ఓడిస్తాడు. భయానికి కారణం ఉంటుంది, కారణం తెలిస్తే భయం పోతుంది. మూఢనమ్మకం నేర్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

నిజమైన లోపాలు వేరే ఉన్నాయి. ఈ పన్నెండు కథల్లో ఆడపిల్లలకు దక్కిన చోటు తక్కువ. శిథిలాలయంలో నాగమల్లి లాంటివాళ్ళు ఉన్నారు కాని, ఎక్కువ చోట్ల రాకుమార్తె అంటే ఎత్తుకుపోబడేది, విడిపించబడేది. ఆ విషయంలో బాలనాగమ్మ కథ చెప్పిన బుర్రకథల వాళ్ళే మెరుగు, వాళ్ళ కథకు పేరూ కేంద్రమూ ఆమే. అడవి మనుషులను నరబలులు ఇచ్చేవాళ్ళుగా చూపించడం కూడా ఈ సీరియళ్ళలో తరచు కనిపిస్తుంది. శబర యువకుణ్ణి ముఖ్య వీరుడిగా నిలబెట్టిన దాసరే ఈ పాత అలవాటును పూర్తిగా వదల్లేకపోయారు. ఇప్పుడు పిల్లలకు చదివి వినిపించే పెద్దలు ఇక్కడ ఒక్క క్షణం ఆగి మాట్లాడటం మంచిది.

చందమామ చూపిన బాటలో బాలమిత్ర, బొమ్మరిల్లు, బాలజ్యోతి వచ్చాయి. అన్నిటికీ ఒక మాంత్రికుల సీరియల్ ఉండాల్సిందే. బొమ్మరిల్లులో వచ్చిన మృత్యులోయ కూడా దాసరి రాసినదే, అక్కడా పేరు లేదు. సినిమాల్లో విఠలాచార్య ఈ లోకాన్ని తనదైన పద్ధతిలో తెర మీద నడిపించారు, 1978లో వచ్చిన ఆయన జగన్మోహిని దయ్యాలు ఊరూరా ఆడాయి. 1994లో సింగీతం శ్రీనివాసరావు తీసిన భైరవద్వీపం మీద నిర్మాతగా కనిపించే పేరు చందమామ విజయా కంబైన్స్. రాసిన రావి కొండలరావు ఆ సంస్థ సినిమా పత్రిక విజయచిత్రలో పనిచేసినవారు. గుహ, భైరవుడు, బలి కోసం రాత్రిపూట గాల్లో తేలివచ్చే రాకుమార్తె. ఒకే పని గదిలో పుట్టిన పత్రికా, సినిమా నలభై ఏళ్ళ తరువాత కూడా ఒకే కథ చెప్పాయి.

1978 తరువాత చందమామలో దాసరి కొత్త సీరియల్ రాలేదు. పాతవి మాత్రం మళ్ళీ మళ్ళీ వేశారు. పత్రిక 1998లో ఆగింది, 1999 చివర్లో తిరిగి వచ్చింది, 2007లో చేతులు మారింది, ఆ తరువాత కొన్నేళ్ళకే పూర్తిగా నిలిచిపోయింది. దాసరి సుబ్రహ్మణ్యం 2010 జనవరిలో కన్నుమూశారు. ఆ సీరియళ్ళ రచయిత ఎవరో చాలామంది పాఠకులకు తెలిసింది ఆయన చివరి రోజుల్లోనే, పాత సంచికలు పోగుచేసుకునే అభిమానులు ఒకరినొకరు కలుసుకున్నాక. యాభై ఏళ్ళ వయసు వాళ్ళు ఒక ముసలాయనకు ఫోన్ చేసి, మా చిన్నతనం మీరిచ్చిందే అని చెప్పుకునే రోజు ఆయన ఉండగా వచ్చింది. అది కాస్త ఊరట.

ఇప్పుడు ఈ కథలు పుస్తకాలుగా దొరుకుతున్నాయి. తెలుగు చదవడం అప్పుడప్పుడే పట్టుబడుతున్న ఎనిమిదేళ్ళ పిల్లో పదేళ్ళ పిల్లాడో ఇంట్లో ఉంటే, పరాయి దేశంలో ఉంటే మరీ, శిథిలాలయంతో మొదలు పెట్టండి. చిత్ర బొమ్మలున్న ప్రతే తీసుకోండి. రాత్రికి ఒక్క భాగమే చదివి వినిపించండి. ఎంత బతిమాలినా రెండోది చదవకండి. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం అని ముందుగా చెప్పి మొదలు పెట్టండి.